నెట్‌లో దొరికిన ఆధారం అసైన్‌మెంట్‌లో ఎందుకు నిలబడటం లేదు? సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

సైట్ మంచిదా కాదా అన్న ప్రశ్న తర్వాత. మీరు రాయబోయే అంకె గానీ వాక్యం గానీ మొదట ఎక్కడ పుట్టిందో ముందు వెతకండి. కింది ఇబ్బందుల్లో చాలావరకు ఆ పని చేయకపోవడం వల్ల వచ్చేవే.

సమస్య: ఒకే విషయానికి సైటుకో అంకె

2011లో తెలంగాణ జనాభా ఒకచోట 3,51,93,978 అని, మరోచోట 3,50,03,674 అని కనిపిస్తుంది. పేరున్న సైట్‌లోది రాసేసి ఊరుకుంటే రేపు వైవాలో చిక్కుకుంటారు.

కారణం: రెండు అంకెలూ సరైనవే, హద్దులు వేరు. మొదటిది పది జిల్లాల పాత హద్దుల లెక్క. 2014లో పోలవరం ముంపు పరిధి పేరుతో ఖమ్మం జిల్లాలోని కొన్ని మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. అలా వెళ్లిన 1,90,304 మందిని తీసేస్తే రెండో అంకె వస్తుంది.

పరిష్కారం: కూడి చూడండి. 2011 జనగణనలో ఉమ్మడి రాష్ట్ర జనాభా 8,45,80,777. తెలంగాణకు 3,51,93,978 రాస్తే ఆంధ్రప్రదేశ్‌కు 4,93,86,799 రాయాలి. 3,50,03,674 రాస్తే 4,95,77,103. ఏ జతను కూడినా ఉమ్మడి మొత్తం రావాలి. ఒక సైట్ నుంచి తెలంగాణ, ఇంకో సైట్ నుంచి ఆంధ్ర అంకె తెచ్చి పట్టికలో పెడితే ఆ మండలాల జనం రెండుసార్లు లెక్కలోకి రావచ్చు, లేదా పూర్తిగా జారిపోవచ్చు. ఏ హద్దుల ప్రకారం తీసుకున్నారో పట్టిక కింద ఒక్క వాక్యం రాయండి.

జిల్లాల విషయంలో జాగ్రత్త ఇంకా ఎక్కువ అవసరం. తెలంగాణలో పది జిల్లాలు 2016 అక్టోబరు 11న 31 అయ్యాయి, 2019లో 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 2022 ఏప్రిల్ 4న 26 అయ్యాయి. 2011 నాటి వరంగల్ జిల్లా అక్షరాస్యతను ఇప్పటి వరంగల్ జిల్లాదిగా రాస్తే పేరు ఒకటే, ప్రాంతం వేరు. 2021లో జరగాల్సిన జనగణన వాయిదా పడింది కనుక 2014, 2020, 2024 అంటూ కనిపించే జనాభా ఏదీ జనగణన అంకె కాదు. అది అంచనా అయి ఉండాలి, లేదా 2014 ఆగస్టు 19 నాటి సమగ్ర కుటుంబ సర్వే లాంటిది అయి ఉండాలి. ఏదో తేలకపోతే వాడకండి.

సమస్య: పది సైట్లలో అదే వాక్యం, అయినా లెక్చరర్ ఒప్పుకోలేదు

కారణం: పదీ ఒకదాన్ని చూసి ఒకటి ఎత్తిరాసినవి. కాబట్టి ఆధారం ఒక్కటే, ఒక్కోసారి అదీ ఉండదు. జనగణమనను ప్రపంచంలోకెల్లా ఉత్తమ జాతీయగీతంగా యునెస్కో ప్రకటించిందన్న మాట ఎన్నో చోట్ల ఉంది. యునెస్కో మాత్రం అలాంటి ప్రకటనేదీ చేయలేదు.

పరిష్కారం: వాక్యంలోంచి ఎనిమిది పది మాటలు డబుల్ కోట్స్ మధ్య పెట్టి గూగుల్‌లో వెతకండి. అక్షరం పొల్లుపోకుండా వరసగా వస్తే అది కాపీ. ఆ మాట ఎవరిదని చెబుతున్నారో వాళ్ల సొంత సైట్‌లో ఉందో లేదో చూడండి.

సమస్య: సైట్ హుందాగా ఉంది, పేరు పెద్దది, నమ్మాలో లేదో తెలియదు

కారణం: ఆ సైట్‌లోనే కూర్చుని దాన్ని అంచనా వేస్తున్నారు. "మా గురించి" పేజీలో ఎవరైనా తమ గురించి మంచే రాసుకుంటారు. డాట్ ఓఆర్‌జీ చిరునామా డబ్బు కట్టిన వారెవరికైనా దొరుకుతుంది. డాట్ గవ్ డాట్ ఇన్ ప్రభుత్వ సంస్థలకే ఇస్తారు. డాట్ ఏసీ డాట్ ఇన్ విద్యాసంస్థలదే అయినా అందులో ఉన్నది ఏ విద్యార్థో పెట్టిన సెమినార్ పీపీటీ కావచ్చు.

అమెరికాలో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఇదే పరీక్షించారు. 1930లో ఏర్పడిన పిల్లల వైద్యుల సంస్థ అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, 2002లో దాన్నుంచి విడిపోయిన చిన్న వర్గం పెట్టుకున్న అమెరికన్ కాలేజ్ ఆఫ్ పీడియాట్రిషియన్స్: ఈ రెండు సైట్లూ చూపిస్తే చాలామంది విద్యార్థులు రెండోదాన్నే ఎక్కువ నమ్మారు. ఫ్యాక్ట్ చెకర్లు పేజీ చదవడం ఆపి, కొత్త ట్యాబ్‌లో ఆ సంస్థ గురించి బయటివాళ్లు ఏం రాశారో చూశారు.

పరిష్కారం కూడా అదే. సంస్థ పేరు కొట్టి, దాని సొంత సైట్ కాకుండా మరో మూడు చోట్ల చదవండి. ఐదు నిమిషాలు చాలు.

సమస్య: చాట్‌జీపీటీ ఇచ్చిన రిఫరెన్స్ ఎక్కడా దొరకదు

కారణం: అది నిజమైన పత్రికల పేర్లతో లేని వ్యాసాలను కల్పించగలదు. 2023లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టులో ఇలా పుట్టిన లేని తీర్పులను దాఖలు చేసినందుకు న్యాయవాదులకు 5,000 డాలర్ల జరిమానా పడింది.

పరిష్కారం: వ్యాసం శీర్షికను పరిశోధన వ్యాసాలు వెతికే గూగుల్ స్కాలర్‌లో వెతకండి. వ్యాసానికి ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్యను డీఓఐ అంటారు, ఆ నంబరును డీఓఐ డాట్ ఓఆర్‌జీలో వేయండి. నంబరు పనిచేసినా అక్కడ తెరుచుకున్నది మీ వ్యాసమేనా అని రచయిత, సంవత్సరం సరిచూడండి. వ్యాసం తెరిచి చదవలేకపోతే రిఫరెన్స్‌గా పెట్టకండి.

సమస్య: అసలైన జర్నల్ వ్యాసమే, అయినా తప్పన్నారు

కారణం: దాన్ని ప్రచురణకర్తలే ఉపసంహరించి ఉంటారు. ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా) టీకాకూ ఆటిజానికీ ముడిపెట్టిన, వైద్య పత్రిక లాన్సెట్‌లో 1998లో వచ్చిన వ్యాసం 12 మంది పిల్లల మీద ఆధారపడింది. 2010లో లాన్సెట్ దాన్ని వెనక్కి తీసుకుంది. ఎక్కడో దాచిన పీడీఎఫ్‌లో వెనక్కి తీసుకున్నారన్న ముద్ర ఉండకపోవచ్చు.

పరిష్కారం: జర్నల్ సొంత పేజీలోనే వ్యాసం తెరవండి. ఉపసంహరణ గుర్తు అక్కడ కనిపిస్తుంది.

సమస్య: వికీపీడియా రాస్తే మార్కులు తగ్గాయి

అది దారి చూపడానికి. పేజీ అడుగున "మూలాలు" దగ్గరికి వెళ్లి, అసలు పుస్తకమో నివేదికో తెరిచి చదివి, దాన్ని ఉదహరించండి. వాక్యం పక్కన "ఆధారం చూపాలి" అని ఉంటే వదిలేయండి. మూలం లింకు చచ్చిపోతే ఆ చిరునామాను పాత వెబ్ పేజీల కాపీలు దాచే వేబ్యాక్ మెషీన్ సైట్‌లో వేసి పాత కాపీ తీసుకోండి, మీరు చూసిన తేదీ కూడా రాయండి.