‘నైట్’ చదివేటప్పుడు కష్టమైన మాటల్ని ఎలా నేర్చుకోవాలి

అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల్లో ‘నైట్’ దొరికింది. హిట్లర్ కాలంలో నాజీల క్యాంపుల్లోంచి బతికి బయటపడ్డ యూదుడు ఎలీ వీజెల్ తన సొంత అనుభవాల మీద రాసిన పుస్తకం అది. మా అక్క కూతురు ఇంటర్ సెకండియర్, పదో తరగతి దాకా తెలుగు మీడియం. "దీంతో ఇంగ్లిష్ నేర్చుకుంటా చిన్నమ్మా" అని తీసుకుంది. వారం తర్వాత చూస్తే ఇంకా ఆరో పేజీలోనే ఉంది. ప్రతి మాటకూ ఫోన్ తీయడం, దొరికిన అర్థాన్ని లైన్ల మధ్య ఇరికించి రాయడం. అసలు కథ ఎంతవరకు వచ్చిందంటే చెప్పలేకపోయింది. నేనూ జనగామ దగ్గర తెలుగు మీడియంలో చదివి వచ్చినదాన్నే. ఆ టెన్షన్ నాకు తెలుసు. ఇద్దరం కలిసి మళ్లీ మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాం. చిన్న పుస్తకమే అయినా మూడు నెలలు పట్టింది. మాకు పనికొచ్చిన పద్ధతి చెబుతాను.

డిక్షనరీ ముట్టుకోకముందే ఒక కాగితం మీద ఊళ్లూ తేదీలూ రాసుకోండి. వీజెల్ సొంతూరు సిగెట్. ఇప్పుడది రొమేనియాలో ఉంది, అప్పుడు హంగరీ పాలనలో ఉండేది. 1944 మార్చిలో జర్మన్ సైన్యం హంగరీని ఆక్రమించింది. మే నుంచి జూలై లోపు అక్కడి యూదుల్ని సుమారు 4,40,000 మందిని రైళ్లలోకి ఎక్కించి పంపేశారు, ఎక్కువమందిని పోలెండ్‌లో నాజీలు నడిపిన ఆష్విట్జ్ మరణ శిబిరానికే. పదిహేనేళ్ల వీజెల్ అక్కడి నుంచి తండ్రితో పాటు బూనా అనే పని క్యాంపుకి, 1945 జనవరిలో మంచులో నడిచి గ్లైవిట్జ్ అనే ఊరికి, మళ్లీ రైల్లో జర్మనీలోని బూఖెన్‌వాల్డ్ క్యాంపుకి వెళ్లాడు. ఏప్రిల్ 11న ఆ క్యాంపుకి విముక్తి. ఈ కాగితాన్నే బుక్‌మార్క్‌గా పెట్టుకుంటే, కొత్త పేరు వచ్చినప్పుడు అది మనిషి పేరా ఊరి పేరా అని తడుముకోవాల్సిన పని ఉండదు.

తర్వాత ఒక భాగం మొత్తం డిక్షనరీ లేకుండా చదవండి. తెలియని మాట పక్కన మార్జిన్‌లో పెన్సిల్‌తో సన్నగా ఒక చుక్క పెట్టి ముందుకు పోవాలి, అంతే. రెండోసారి చదివేటప్పుడు చాలా చుక్కలు వాటంతటవే అర్థమైపోతాయి. మిగిలిన వాటిలో పదికి మించకుండా నోట్‌బుక్‌లోకి ఎక్కించండి. మామూలు ఇంగ్లిష్ మాటలైతే శంకరనారాయణ నిఘంటువు చాలు. వాటి గురించి ఎక్కువ ఆలోచించక్కర్లేదు.

ఆలోచించాల్సింది నిఘంటువు సగమే చెప్పే మాటల గురించి. డిపోర్టేషన్ పక్కన మా పిల్ల "దేశ బహిష్కరణ" అని రాసుకుంది. "బహిష్కరణ అంటే నీకేం కనిపిస్తోంది?" అని అడిగాను. "ఊళ్లోంచి వెళ్లగొట్టడం. రాముడు అడవికి పోయినట్టు" అంది. పశువుల్ని తోలే రైలు పెట్టెలో ఒక్కోదాంట్లో ఎనభై మందిని కుక్కి, తలుపులకు మేకులు కొట్టి తీసుకెళ్లడాన్ని ఆ మాట మోయలేదు. "బలవంతపు తరలింపు" అని మార్చాం. ఆఫీసు కాగితాల్లో కనిపించే చప్పటి మాట తరలింపు. వరద వస్తే జనాన్ని తరలిస్తారు, ఆస్పత్రికి రోగిని తరలిస్తారు. జనాన్ని చంపడానికి పంపిన అధికారులకూ అలాంటి చప్పటి మాటలే కావాల్సి వచ్చాయి. అందుకే "బలవంతపు" అనేది వదలకూడదు.

ఘెట్టో అంటే మురికివాడ కాదు. 1516లో వెనిస్‌లో యూదులంతా ఒక్కచోటే ఉండాలని శాసించిన పేట పేరు అది. కాపో అంటే తోటి ఖైదీల మీద పెత్తనం అప్పజెప్పిన ఖైదీ. మా పిల్ల "కాపలా"తో ముడిపెట్టి గుర్తుంచుకుంది. పుట్టుకలో రెండింటికీ సంబంధం లేకపోయినా గుర్తుకి పనికొస్తుంది. ఆపెల్ అనే జర్మన్ మాటను తను మొదట "అప్పీల్" అని చదివి, ఖైదీలు ఎవరికో మొరపెట్టుకుంటున్నారు అనుకుంది. అది హాజరు. మనకు బడిలో రెండు నిమిషాల్లో అయిపోయే పని, అక్కడ ఆరుబయట గంటల కొద్దీ నిలబెట్టి లెక్కపెట్టేది. ఇలాంటి జర్మన్ మాటలకు అమెరికా హోలోకాస్ట్ (నాజీలు చేసిన యూదుల సంహారం) మ్యూజియం వాళ్ల ఆన్‌లైన్ ఎన్‌సైక్లోపీడియా చూడండి.

హోలోకాస్ట్ అనే మాట దగ్గర మేం ఒక ఆదివారమంతా ఆగాం. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో గ్రూప్స్‌కి చదువుకునే పిల్లల మధ్య కూర్చుని, పాత పేపర్లలో తెలుగులో ఏమని రాస్తున్నారో వెతికాం. మారణహోమం అని రాస్తున్నారు. గ్రీకులో హోలోకాస్ట్ అంటే పూర్తిగా కాల్చి అర్పించిన బలి. మన మాటలోనూ హోమం ఉంది. రెండు భాషలూ ఒకే చోటికి వెళ్లాయి. కానీ హోమమంటే ఎవరో ఒక దేవుడికి ఇచ్చేది. నాజీలు చంపిన ఆ అరవై లక్షల మంది యూదులు ఎవరికీ నైవేద్యం కాదు. అందుకే చాలామంది యూదులు షోవా అనే హీబ్రూ మాటనే వాడతారు. దానికి అర్థం మహా వినాశనం. ఇక జెనోసైడ్ పాత మాట కాదు. 1944లో రఫాయెల్ లెమ్కిన్ అనే పోలెండ్ యూదు న్యాయవాది తన పుస్తకంలో పరిచయం చేశాడు. గ్రీకు నుంచి జాతి, లాటిన్ నుంచి చంపడం. మనకు జాతిహననం సరిగ్గా సరిపోతుంది. నోట్‌బుక్‌లో ఈ మూడూ వేర్వేరు పేజీల్లో రాయండి, కలిపేయకండి.

యూదుల మతానికి సంబంధించిన మాటల్ని తెలుగు చేయకుండా అలాగే ఉంచి, పక్కన రెండు లైన్ల వివరణ రాసుకోవడం మేలు. కద్దిష్ అనేది పోయినవాళ్ల కోసం చేసే ప్రార్థన, ముఖ్యంగా తల్లిదండ్రుల కోసం కొడుకు చెప్పేది. విచిత్రమేమంటే అందులో చావు ప్రస్తావన ఉండదు, దేవుడి స్తుతే ఉంటుంది. ఆష్విట్జ్‌లో దిగిన రాత్రి మంటల వైపు నడుస్తూ మనుషులు తమ కోసం తామే కద్దిష్ చెప్పుకుంటారు. మా పిల్ల చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "బతికుండగానే ఎవరి పిండం వాళ్లే పెట్టుకున్నట్టా చిన్నమ్మా?" అంది. అర్థం దాకా చేరడానికి ఆ పోలిక పనికొచ్చింది. అయినా నోట్‌బుక్‌లో పిండం అని రాయనివ్వలేదు. అది వాళ్ల ప్రార్థన, వాళ్ల పేరుతోనే ఉండాలి.

ఒక్కో మాటకీ ఇలా రాయండి: మాట, పలికే తీరు, పేజీ నంబరు, ఎవరు ఎవరితో అన్నారు, తెలుగులో దగ్గరి మాట, చివర సొంత వాక్యం. ఆ సొంత వాక్యం పుస్తకంలోని సంగతి గురించే ఉండాలి. మా పిల్ల ఒకసారి "మా పీటీ సార్ కాపోలా ఉంటాడు" అని రాసింది. కొట్టేయించాను. గ్రౌండ్‌లో పరిగెత్తించే సారుకి ఆ మాట తగదు, ఆ మాట కింద నలిగినవాళ్లకూ అది న్యాయం కాదు.

రాత్రి పడుకునే ముందు చదవకండి. మా అమ్మ దీపాలు పెట్టే వేళ చావు మాటలు వద్దంటుంది. ఆమె మాట విని పొద్దున్నే, నేను ఉప్పల్ ఆఫీసుకి బయల్దేరేలోపు చదివేవాళ్లం. అది మంచిదే అయింది.

తేలిక మాటలకీ నోట్‌బుక్‌లో చోటివ్వండి. సెలెక్షన్ అంటే మా పిల్లకు కబడ్డీ టీమ్ గుర్తొచ్చేది. ఇక్కడ ఎవరు ఈ రోజు చావాలో తేల్చడం. రైలు దిగగానే మగవాళ్లను ఎడమకీ ఆడవాళ్లను కుడికీ పొమ్మంటారు. వీజెల్ తల్లినీ చిన్న చెల్లెలినీ చూడటం అదే ఆఖరుసారి. ఆ భాగానికి మేం రాసుకున్న పది మాటల్లో "ఎడమ", "కుడి" కూడా ఉన్నాయి.

కొన్ని పేజీల్లో పెన్సిల్ కూడా పక్కన పెట్టేయాలి. 1945 జనవరి 29 తెల్లవారుజామున వీజెల్ లేచేసరికి తండ్రి పడుకున్న చోట ఇంకో రోగి ఉంటాడు. ఆ పేజీ తర్వాత ఇద్దరం నాలుగు రోజులు పుస్తకం తెరవలేదు. మళ్లీ తెరిచి చూస్తే, ఆ మార్జిన్‌లో తను ఒక్క చుక్కా పెట్టలేదు.