సూపర్‌నోవా దొరికిందని చెప్పే ముందు

కోనసీమ మంచుకు లెన్సు తడిసిపోతుంది. లెన్సును వెచ్చగా ఉంచే డ్యూ హీటర్ తప్పనిసరి. రొయ్యల చెరువుల లైట్లకు దూరంగా ఉండండి.

గెలాక్సీ పక్కన కొత్త చుక్క కనిపిస్తే అది సూపర్‌నోవా, అంటే పేలిన నక్షత్రం కావచ్చు; ముందు పాత ఫొటోతో పోల్చండి. అరగంట ఆగి మళ్లీ తీయండి: నక్షత్రాల మధ్య చోటు మారితే గ్రహశకలం. టెలిస్కోప్ కాస్త కదిపి తీసినా ఫ్రేములో అదే చోట ఉంటే హాట్ పిక్సెల్, అంటే కెమెరా సెన్సర్ లోపం. ఇలాంటి కొత్త చుక్కలను నమోదు చేసే వెబ్‌సైట్ ట్రాన్సియెంట్ నేమ్ సర్వర్‌లో వెతకండి. చాలాసార్లు ఎవరో ముందే నమోదు చేసేసి ఉంటారు, టెన్షన్ వద్దు.

ఫొటో చూసి రకం చెప్పేయకండి. దానికి వర్ణపటం, అంటే కాంతిని రంగులుగా విడదీసిన పట్టీ కావాలి. హైడ్రోజన్ గీతలుంటే టైప్ 2. అవి లేకుండా 6150 ఆంగ్‌స్ట్రామ్‌ల (కాంతి తరంగదైర్ఘ్యం కొలత) దగ్గర సిలికాన్ గీత ఉంటే టైప్ 1ఏ. వర్ణపటం తీయడం లద్దాఖ్‌లోని హాన్లే టెలిస్కోప్ లాంటివాటి పని.

సమయం యూటీలో (ప్రపంచమంతా వాడే ప్రామాణిక సమయం) రాయండి: మన గడియారంలోంచి ఐదున్నర గంటలు తీసేయాలి. అర్ధరాత్రి దాటి, తెల్లవారుజాము ఐదున్నరలోపు తీసిన ఫొటో తేదీ ముందు రోజుదవుతుంది.