వేటకు దిగేలోపు బోటు వైరింగు విప్పి చూడండి

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు మన తీరంలో వేట నిషేధం. బోటు గట్టెక్కగానే వలలు బాగుచేసుకుంటాం, ఇంజను విప్పిస్తాం, రంగు వేయిస్తాం. వైర్ల జోలికి మాత్రం పోము. లైటు వెలుగుతోంది కదా అనుకుంటాం. ఆ లైటునే నమ్మకూడదు.

చిన్న ఎల్ఈడీ లైటుకి అర ఆంపియరు కూడా అక్కర్లేదు. చిలుము పట్టిన జాయింటులోంచి ఆ కాస్త కరెంటు వచ్చేస్తుంది. ఒడ్డుతోనూ పక్క బోట్లతోనూ మాట్లాడే 25 వాట్ల వీహెచ్ఎఫ్ రేడియో సెట్టు సంగతి వేరు. వినేటప్పుడు కొంచెమే తీసుకుంటుంది, మాట్లాడదామని బటన్ నొక్కగానే ఐదారు ఆంపియర్లు లాగుతుంది. జాయింటులో పదో వంతు ఓమ్ అడ్డుపడినా అర వోల్టు అక్కడే పోతుంది. చిలుము ముదిరితే అంతకు ఎన్నో రెట్లు పోతుంది. ఒకసారి మా బోటులో ఇదే జరిగింది. ఇంజను ఆగిపోయింది, చీకటి పడుతోంది. పక్క బోట్ల మాటలు చక్కగా వినబడుతున్నాయి, మేం బటన్ నొక్కితే మాత్రం సెట్టు ఆరిపోతోంది. ఒడ్డుకొచ్చి చూస్తే సెట్టులో ఏ లోపమూ లేదు. ఫ్యూజు దగ్గర నల్ల టేపు కింద రాగి తీగ పచ్చటి పొడి అయిపోయింది.

అందుకే ముందు టేపు చుట్టిన ప్రతి జాయింటూ విప్పండి. టేపు చెమ్మను ఆపదు, లోపలికి పోయినదాన్ని బయటికి రానివ్వదు. ఉప్పు గాలిలో తేమను లాగుతూనే ఉంటుంది కాబట్టి ఎండలో పెట్టినా నమ్మకం లేదు. పైగా దీపం వత్తి నూనె పీల్చినట్టు తీగ పోగులు ఉప్పునీటిని పీల్చుకుంటాయి, తీగకు పట్టిన నలుపు వైరు తొడుగు లోపల చాలా దూరం పాకుతుంది. మెరిసే రాగి కనబడేదాకా కోసుకుంటూ వెళ్లండి. కనబడకపోతే వైరు మార్చాల్సిందే, గీకి సరిపెట్టకండి.

కొత్తది వేసేటప్పుడు తగరం పూత ఉన్న సన్నపోగుల రాగి వైరే తీసుకోండి. ఇంటి వైరింగు వైరు చవకే, కానీ సముద్రం మీద ఎక్కువ కాలం ఉండదు. వైరు కొసకు తొడిగే లోహపు లగ్గును కటింగ్ ప్లేయరుతో నొక్కకుండా, దానికోసమే ఉండే క్రింపింగ్ టూలుతో బిగించి, లోపల జిగురు ఉండి వేడికి ముడుచుకునే హీట్ ష్రింక్ గొట్టం తొడిగి వేడి చేయండి. జిగురు అంచుల్లోంచి కాస్త బయటికి రావాలి. వెనిగర్ వాసన వచ్చే సిలికాన్‌ను మాత్రం జాయింట్ల మీద పూయొద్దు. ఆరేటప్పుడు దాన్నుంచి వచ్చే ఆమ్లం రాగినే తింటుంది.

అడుగున చేరిన నీళ్లు తోడే పంపు దగ్గర ఇంకా జాగ్రత్త. దాని జాయింటు నీళ్లు చేరని ఎత్తులో ఉండాలి. పాజిటివ్ తీగ బయటపడి ఉప్పునీటిలో మునిగితే కరెంటు పారుతున్నంతసేపూ రాగి కరిగిపోతూనే ఉంటుంది, ఆ నీళ్లలో ఉన్న ఇతర లోహాలకూ దెబ్బే.

బ్యాటరీని నిషేధం రోజుల్లో బోటులో వదలొద్దు. నెగటివ్ ముందు విప్పి, ఇంటికి తెచ్చి, నెలకోసారి చార్జింగ్ పెట్టండి. చార్జింగ్ పెట్టేచోట గాలి ఆడాలి, బీడీ వెలిగించకూడదు. పోల్స్ మీద తెల్లపొడి ఉంటే సెల్ మూతలు బిగించి వంటసోడా నీళ్లతో తుడవండి. తిరిగి పెట్టేటప్పుడు క్లిప్పు గట్టిగా బిగించాకే పైన వాజలిన్ రాయాలి. ఇంజనులో నీళ్లలో మునిగే కాలికి, మిగతా లోహం బదులు తాను అరగడానికి పెట్టే జింకు దిమ్మ ఉంటుంది; అది సగం అరిగితే మార్చండి, దానికి రంగు వేయొద్దు.

ఇదంతా అయ్యాక, వేటకు వెళ్లే ముందురోజు వోల్టులు కొలిచే మీటరు పట్టుకోండి. యాంటెన్నా తగిలించి, ఖాళీ ఛానల్లో సెట్టు బటన్ నొక్కించండి. 16 మాత్రం వద్దు, అది ఆపద పిలుపులకు. మీటరు ఒక కొసను బ్యాటరీ పాజిటివ్ పోల్‌కు, రెండోది సెట్టు పాజిటివ్ వైరుకు పెట్టి చూడండి. నెగటివ్ వైపూ అంతే. 0.3 వోల్టు దాటితే రెండో కొసను ఒక్కో జాయింటూ బ్యాటరీ వైపు జరుపుతూ రండి. అంకె ఎక్కడ ఒక్కసారిగా పడిపోతుందో, అప్పుడే దాటిన జాయింటును మళ్లీ విప్పండి.