కాన్సర్ చికిత్సలో వ్యాయామం – 4వ పాఠం: ఆరు నిమిషాల నడక, మళ్లీ మొదటి నుంచి

మూడో పాఠం తర్వాత మీరు పంపిన కొలతలు, అంటే మీ ఇంట్లో రోగి ఆరు నిమిషాల్లో ఎన్ని మీటర్లు నడిచారన్న లెక్కలు, చూశాను. ఒక అమ్మాయి సంబరంగా రాసింది: వాళ్లమ్మ మొదట 310 మీటర్లు నడిచారట, రెండు వారాల వ్యాయామం తర్వాత 385. తేదీలు చూస్తే మొదటి నడక కీమో ఎక్కించిన నాలుగో రోజున, రెండోది పంతొమ్మిదో రోజున. ఆ 75 మీటర్లలో వ్యాయామం వాటా ఎంతో, మందు నీరసం దిగిపోయిన వాటా ఎంతో ఎవరు చెప్పగలరు? తప్పు నాదే. ఏ రోజున కొలవాలో చెప్పలేదు.

కీమో 21 రోజులకొకసారి అయితే, ఎప్పుడు కొలిచినా విడతలో అదే రోజున కొలవండి. వ్యాయామ ఫలితానికి 12 వారాలు ఆగమంటాను. అంటే 84 రోజులు, సరిగ్గా నాలుగు విడతలు. రోజు దానంతటదే కుదురుతుంది. పక్కనే హిమోగ్లోబిన్ ఎంతో రాయండి. రక్తం ఎక్కించాక పెరిగిన దూరం వ్యాయామం ఖాతాలో పడకూడదు.

ఇక చోటు. చాలామంది ఆర్కే బీచ్ రోడ్డు మీద కొలిచారు. గాలి ఒకరోజు వెనక నుంచి తోస్తుంది, ఒకరోజు ఎదురు కొడుతుంది. ఉక్క సంగతి విశాఖవాసులకు చెప్పాలా? అపార్ట్‌మెంటు సెల్లారే నయం. నేల చదునుగా ఉండాలి, 30 మీటర్లు టేపుతో కొలిచి గీత గీయాలి. 10 మీటర్ల వరండాలో 400 మీటర్లు నడవాలంటే 39 సార్లు తిరగాలి, 30 మీటర్ల దారిలో 13 సార్లే. ప్రతి మలుపూ వేగాన్ని తింటుంది. లెక్క తప్పకుండా నేను జేబులో చింతపిక్కలు వేసుకుంటాను, వెళ్లి వచ్చినప్పుడల్లా ఒకటి ఆ జేబులోంచి ఈ జేబులోకి. పిక్కకు 60 మీటర్లు. ఫోను యాప్‌ల దూరాన్ని నేను నమ్మను.

నాకు చిరాకు తెప్పించేది మాత్రం వేరే ఉంది: పక్కనే నడవడం. "నాన్నా, ఇంకొంచెం, ఇంకొంచెం" అంటూ కొడుకు జతగా నడుస్తాడు. ఆయన తెలియకుండానే కొడుకు అడుగుకు అడుగు కలుపుతారు. అప్పుడు మీరు కొలిచింది కొడుకు వేగం. ముందు నడిచినా అంతే, చప్పట్లు కొట్టినా అంతే. ఉత్సాహపరిస్తే దూరం పెరుగుతుంది. ఈసారి మామయ్య అరిచి, వచ్చేసారి అరవకపోతే పోలిక చెడుతుంది. పడిపోతారని భయముంటే రెండడుగులు వెనక ఉండండి. నిమిషానికొకసారి ఒకే గొంతుతో "బాగా నడుస్తున్నారు, ఇంకా ఐదు నిమిషాలు" అని, తర్వాత నాలుగు, మూడు. అంతే. అలసి ఆగితే ఆగనివ్వండి, గడియారాన్ని ఆపకండి.

ఛాతీనొప్పి, తూలడం, ఓర్చుకోలేని ఆయాసం వస్తే పరీక్ష అక్కడితో ఆపి కూర్చోబెట్టండి. ఎముకలకు వ్యాధి పాకినవారు, గత నెలలో గుండెపోటు వచ్చినవారు డాక్టరు అనుమతి లేకుండా మొదలుపెట్టవద్దు.

ఎంత పెరిగితే పెరిగినట్టు? దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బుల్లో 30 మీటర్ల చుట్టుపక్కల తేడాకు విలువ ఇస్తారు. ఇంట్లో కొలిచినప్పుడు 50 దాటితేగాని నేను మిఠాయి పంచను.

అభ్యాసం: ఒకే రోజున గంట విరామంతో రెండుసార్లు నడిపించి, ఎక్కువ వచ్చిన దూరం రాయండి. దారి అలవాటైతేనే కొన్ని మీటర్లు పెరుగుతాయి, ఆ పెరుగుదల మొదటి రోజే అయిపోవాలి. అంతకుముందు మీరే ఒకసారి నడిచి, పిక్కలు మరొకరిచేత లెక్కపెట్టించండి.