ఆకాశంలో అదేమిటి? – మూడో పాఠం: ముందు దూరం అడగండి

పోయిన పాఠంలో ఒక కాగితం మీద మూడు గళ్లు గీయమన్నాను. కంటితో చూసింది ఒక గడి, ఊహించింది ఒక గడి, ఎవరో చెబితే విన్నది ఇంకో గడి. యూఎఫ్‌ఓ (ఆకాశంలో కనిపించి, ఏమిటో తేలని వస్తువు) కథ ఏది దొరికినా ఆ మూడింటిలోకి విడగొట్టడం ఇంటిపని. చేసినవాళ్లు ఒక చోట తప్పకుండా ఆగిపోయి ఉంటారు. "చాలా వేగంగా పోయింది" అన్న మాటను ఏ గడిలో వేయాలి? మొదటి గడిలోనే వేయాలనిపిస్తుంది. వేయకండి, అది రెండో గడిది. ఎందుకో ఈ పాఠంలో చూద్దాం.

కంటికి వేగం కనిపించదు. చూపు ఎంత త్వరగా తిప్పాల్సి వచ్చిందో అంతవరకే తెలుస్తుంది. ముక్కు ముందు ఎగిరే దోమను వెంబడించడానికి తిప్పినంత వేగంగా, నెత్తి మీద పోయే విమానం కోసం తల తిప్పక్కర్లేదు. దోమ దగ్గరుందని ముందే తెలుసు కాబట్టి అది విమానాన్ని మించిపోయిందని ఎవరూ అనరు. ఖాళీ ఆకాశంలో ఒంటరి చుక్కకు ఆ సాయం ఉండదు. పక్కన చెట్టు లేదు, గోడ లేదు, అది ఎంత పెద్దదో తెలియదు. అయినా మెదడు ఊరుకోదు, ఏదో ఒక దూరం తనే అనుకుని దాన్నిబట్టి వేగం చెప్పేస్తుంది. మనకు చెప్పకుండా అనుకుంటుంది, చిక్కంతా అక్కడే.

ఇక పనిలోకి దిగుదాం. పెన్ను, కాలిక్యులేటర్ దగ్గర పెట్టుకోండి.

2015లో అమెరికా తూర్పు తీరం దగ్గర, సముద్రం మీద ఎగురుతున్న నౌకాదళ యుద్ధవిమానం ఒకటి, వేడి తేడాలను చూపే పరారుణ కెమెరాతో చిన్న వీడియో తీసింది. దానికి గోఫాస్ట్ అని పేరు పడింది. 2018లో జనంలోకి వచ్చింది. 2020 ఏప్రిల్ 27న అమెరికా రక్షణ శాఖ మరో రెండింటితో కలిపి దాన్ని అధికారికంగా విడుదల చేసింది. వీడియోలో ఒక తెల్ల చుక్క, వెనక సముద్రపు నీళ్లు. చుక్క నీటిని రాసుకుంటూ దూసుకుపోతున్నట్టు ఉంటుంది. కెమెరా దాన్ని పట్టుకోబోయి జారిపోతుంది, చివరికి పట్టేస్తుంది. అప్పుడు విమానంలోని వాళ్లు సంబరంతో కేకలు వేస్తారు. మొదటిసారి చూసినప్పుడు నాకూ ఒళ్లు జలదరించింది. తర్వాత సౌండ్ తీసేసి చూశాను, జలదరింపు సగానికి తగ్గింది. మీరూ ఆ పని చేసి చూడండి. ఆ కేకలు మూడో గడిలోవి.

వీడియో తెర మీద అంకెలు ఉంటాయి. చాలామంది చుక్కనే చూస్తారు, వాటి జోలికి పోరు. మనకు కావలసినవి మూడే. విమానం ఎత్తు సుమారు 25,000 అడుగులు. కెమెరా కిందికి చూస్తున్న కోణం 26 డిగ్రీలు. చుక్కకు ఉన్న దూరం, కెమెరా పట్టుకున్న క్షణంలో, 4.4 నాటికల్ మైళ్లు.

పదో తరగతిలో దీపస్తంభం మీది నుంచి పడవను చూసే లెక్కలు చేశాం కదా, నిమ్నకోణం అంటూ. ఇదీ అదే. విమానం నుంచి చుక్కకు గీసిన గీత కర్ణం. ఒక నాటికల్ మైలు 6,076 అడుగులు కాబట్టి కర్ణం దాదాపు 26,730 అడుగులు. సైన్ 26 విలువ 0.438. రెండూ గుణిస్తే సుమారు 11,700 అడుగులు వస్తుంది. అంటే చుక్క విమానానికి అంత కింద ఉంది. 25,000 నుంచి తీసేస్తే 13,300.

ఒకసారి ఆగి ఆ అంకెను మళ్లీ చూడండి. నీటిని రాసుకుంటూ పోతోందనుకున్నది సముద్రానికి 13 వేల అడుగుల పైన ఉంది.

మరి ఆ దూసుకుపోవడం ఏమిటి? రైలు కిటికీ పక్కన కూర్చుని, పొలం మధ్యనున్న ఒక తాటిచెట్టు మీదే చూపు నిలపండి. రైలు సాగేకొద్దీ తల తిప్పుతూ దాన్నే చూస్తుంటే, వెనకున్న కొండలు రైలుతో పాటు పరుగెత్తుతున్నట్టు ఉంటుంది. కొండలు కదలవని గట్టిగా అనుకుని చూశారా, తాటిచెట్టే కొండల ముందు నుంచి వెనక్కి పారిపోతున్నట్టు కనిపిస్తుంది. దీన్నే పారలాక్స్ అంటారు. గోఫాస్ట్‌లో రైలు ఆ యుద్ధవిమానం, గంటకు సుమారు 700 కిలోమీటర్లు. తాటిచెట్టు ఆ చుక్క, కొండలు సముద్రం. పరుగులో ఎక్కువ భాగం రైలుదే.

ఎక్కువ భాగం అంటే ఎంత? యూఎఫ్‌ఓల మీద నాసా వేసిన స్వతంత్ర బృందం 2023 సెప్టెంబరులో నివేదిక ఇచ్చింది. అందులో ఈ లెక్క ఉంది. విమానం కదలికను తీసేస్తే, 22 సెకన్లలో చుక్క జరిగింది దాదాపు 390 మీటర్లు. భాగించి చూడండి: గంటకు 64 కిలోమీటర్లు. హైవే మీద మోటార్‌సైకిల్ వేగం. ఆ ఎత్తులో గాలి అంత వేగంతో వీచడం మామూలేనని కూడా వాళ్లు రాశారు. పరారుణ చిత్రంలో చుక్క సముద్రం కంటే చల్లగా ఉంది, ఇంజిన్ వేడి జాడ లేదు.

ఇక్కడ నమ్మేవాళ్ల వైపు నుంచి మంచి ప్రశ్న ఒకటి వస్తుంది. తెర మీది దూరమే తప్పయితే? ఈ ప్రశ్నను కొట్టిపారేసేవాళ్లను చూస్తే నాకు చిరాకు. అడగవలసిన ప్రశ్నే అది, జవాబు కూడా లెక్కలోనే దొరుకుతుంది. దూరం పది శాతం తప్పనుకోండి, ఎత్తు 1,200 అడుగులు అటో ఇటో మారుతుంది. చుక్క నిజంగా నీటి మీదే ఉండాలంటే? 25,000ను 0.438తో భాగించి నాటికల్ మైళ్లలోకి మార్చండి. దాదాపు 9.4 వస్తుంది. అంటే తెర మీది 4.4 రెట్టింపుకు మించి తప్పయి ఉండాలి. అలా తప్పిందని ఎవరైనా చూపిస్తే నా మాట వెనక్కి తీసుకుంటాను. ఏ వాదనలోనైనా మీ పక్షం అంకెను ఇలా కావాలని తప్పుపట్టి చూడండి. ఎంత తప్పితే మీ మాట కూలుతుందో ముందు మీకే తెలియాలి.

ఇంతకీ ఆ చుక్క ఏమిటి? మన లెక్క చెప్పదు. బెలూనో, పక్షో, ఇంకేదో. నెమ్మదిగా పోతోందన్నంత వరకే మన చేతిలో ఉంది. సంశయవాదులు జారిపడేది ఇక్కడే. "వేగం లేదు" దగ్గర ఆగకుండా "అది బెలూనే" అనేస్తారు. ఆ రెండో మాటకు లెక్క లేదు.

ఈ జారుడుకు ఒక పాత కథ ఉంది. 1966 మార్చిలో మిషిగన్ రాష్ట్రంలో డెక్స్‌టర్, హిల్స్‌డేల్ ఊళ్ల దగ్గర జనం రాత్రిపూట వింత వెలుగులు చూశారు. అమెరికా వైమానిక దళానికి సలహాదారుగా ఉన్న ఖగోళ శాస్త్రవేత్త అలెన్ హైనెక్ విలేకరుల సమావేశం పెట్టి, వాటిలో కొన్ని చిత్తడి నేలలోంచి వచ్చే గ్యాస్ వెలుగులు కావచ్చన్నాడు. "కొన్ని", "కావచ్చు" రెండూ గాలికి పోయాయి, గ్యాస్ మిగిలింది. చూసినవాళ్లు తమను వెర్రివాళ్ల కింద జమకట్టారని మండిపడ్డారు. ఆ రాష్ట్రం నుంచి ఎన్నికైన జెరాల్డ్ ఫోర్డ్, తర్వాతి కాలంలో దేశాధ్యక్షుడైనాయనే, విచారణ జరగాలని పట్టుబట్టాడు. అన్నాళ్లూ అనుమానించే పక్షాన ఉన్న హైనెక్ రానురాను అటునుంచి జరిగిపోయి, 1973లో యూఎఫ్‌ఓల అధ్యయనానికి సొంతంగా కేంద్రమే పెట్టాడు. గ్యాస్ మాట తప్పని నేననను. కానీ దాని వెనక గోఫాస్ట్ తెర మీద ఉన్నట్టు మూడు అంకెలు లేవు.

ఈసారి ఇంటిపని మన దేశంలోదే. 2012 ఆగస్టు నుంచి 2013 ఫిబ్రవరి వరకు లడఖ్ సరిహద్దులో మన సైనికులు ఆకాశంలో వింత వెలుగులను 329 సార్లు నమోదు చేశారు. చైనా డ్రోన్లేమోనని టెన్షన్. భారత ఖగోళ భౌతిక సంస్థ శాస్త్రవేత్తలు పరిశీలించి అవి గురు, శుక్ర గ్రహాలని తేల్చారు. గ్రహానికి దూరం అడిగి లాభం లేదు, ఈ పాఠంలోని త్రిభుజం అక్కడ పనికిరాదు. ఆ శిబిరంలో మీరుంటే, పరికరాలేమీ లేకుండా, సైనికులతో రోజూ ఏ ఒక్క సంగతి రాయించేవారు? ఎన్ని రోజులు? రెండు వాక్యాల్లో రాసి పెట్టుకోండి. నాలుగో పాఠం అక్కడి నుంచి మొదలుపెడతాం.