సాధారణ డిజిటల్ కెమెరాతో తక్కువ వెలుతురులో ఫోటోలు తీయడం ఎలా?

కొన్నేళ్ల క్రితం ఒక రంజాన్ రాత్రి చార్మినార్ ఎదుట నిలబడి, కొత్తగా కొన్న చిన్న డిజిటల్ కెమెరాతో నేను తీసిన మొదటి ఫోటోలో, ముందు పోతున్న ఆటో వెనుక భాగం సున్నం కొట్టినట్టు తెల్లగా వచ్చింది. దాని వెనుక ఉన్న నాలుగు మినార్లూ చీకట్లో కలిసిపోయాయి. కంటికి అంత దేదీప్యంగా కనిపించిన కట్టడం కెమెరాకు ఎందుకు కనిపించలేదో అప్పుడు నాకు బోధపడలేదు. కెమెరాను ఆటో మోడ్‌లో పెట్టి, నిర్ణయాలన్నీ దానికే వదిలేశాను. అది ఫ్లాష్ వేసి చేతులు దులుపుకుంది.

చేతిలో ఇమిడిపోయే ఇలాంటి కెమెరాల్లో చాలావాటికి సెన్సార్, అంటే కాంతిని పట్టి బొమ్మగా మార్చే పలక, చాలా చిన్నది, సుమారు 6.2 మిల్లీమీటర్ల వెడల్పు, 4.6 మిల్లీమీటర్ల ఎత్తు. ఖరీదైన కెమెరాల్లో వాడే పూర్తి పరిమాణపు సెన్సార్ 36 మిల్లీమీటర్ల వెడల్పు, 24 మిల్లీమీటర్ల ఎత్తు ఉంటుంది కాబట్టి, వైశాల్యంలో మనది దానికి ముప్పయ్యో వంతు. ఒకే వానలో వాకిట్లో గంగాళమూ, దాని పక్కనే టీ గ్లాసూ పెడితే దేనిలో ఎన్ని నీళ్లు పడతాయో ఊహించుకుంటే చాలు. ఆ గ్లాసు నిండాలంటే మనకున్న దారులు రెండు: వాన బాగా పడే వేళకు పెట్టడం, ఎక్కువసేపు కదలకుండా ఉంచడం. కింది మెట్లలో అధిక భాగం ఈ రెండింటి గురించే.

1. ఫ్లాష్‌ను ఆపివేయండి

చిన్న కెమెరా ఫ్లాష్ వెలుగు మూడు నాలుగు మీటర్లు దాటి పనికిరాదు. టాంక్‌బండ్ మీద నిలబడి, హుస్సేన్ సాగర్ నడుమ ఉన్న బుద్ధ విగ్రహం మీదికి ఫ్లాష్ వేసేవాళ్లు ఇప్పటికీ ప్రతి సాయంత్రం కనిపిస్తారు. 18 మీటర్ల ఎత్తున్న తెల్లని ఏకశిలా విగ్రహమైనా సరే, అంత దూరానికి ఆ మెరుపు చేరదు. ఎదుట ఉన్న రెయిలింగు మాత్రం తెల్లబోతుంది. కెమెరా వెనుక మెరుపు గుర్తు ఉన్న బటన్‌ను నొక్కి, దాని మీద అడ్డగీత ఉన్న గుర్తును ఎంచుకోండి.

2. పూర్తిగా చీకటి పడకముందే చేరుకోండి

రాత్రి ఫోటోలకు అన్నింటికన్నా అనువైన సమయం రాత్రి కాదు, సూర్యాస్తమయం తర్వాత వచ్చే ఇరవై ముప్పై నిమిషాలు. అప్పుడు ఆకాశం ముదురు నీలంగా ఉంటుంది, వీధి దీపాలూ వెలిగి ఉంటాయి, రెండింటి కాంతీ దాదాపు సమానంగా ఉండడం వల్ల కట్టడం అంచులు ఆకాశం నుంచి విడివడి కనిపిస్తాయి. హైదరాబాద్‌లో డిసెంబరులో ఆరు గంటలకు ముందే సూర్యుడు అస్తమిస్తాడు. జూన్ చివరలో అస్తమయం ఏడు గంటల దగ్గరికి జరుగుతుంది. మన ప్రాంతంలో సంధ్య తొందరగా ముగిసిపోతుంది కాబట్టి, ట్రాఫిక్‌ను కూడా లెక్కలో వేసుకుని, అస్తమయానికి అరగంట ముందే మీరు అనుకున్న చోట ఉండాలి. చార్మినార్ లోపలికి సందర్శకులను ఆ వేళకు అనుమతించరు గనుక బయటి నుంచే తీయవలసి ఉంటుంది. ఎదురుగా ఎక్కడ నిలబడాలో వెలుతురు ఉండగానే చూసుకుంటే మంచిది.

వర్షాకాలంలో ఏసీ కారు దిగీదిగగానే లెన్స్ మీద ఆవిరి పట్టేస్తుంది. దాన్ని తుడిచిన కొద్దీ మళ్లీ పడుతుంది. పది పదిహేను నిమిషాలు కెమెరాను సంచిలోనే బయటి గాలికి అలవాటు పడనివ్వండి. మామూలు రోజుల్లోనైనా లెన్స్ మీది వేలిముద్రను మెత్తని నూలు గుడ్డతో తుడవకుండా రాత్రి ఫోటో తీయవద్దు. ప్రతి దీపం చుట్టూ మసక వలయం రావడానికి చాలాసార్లు అదే కారణం.

3. కెమెరాను కదలనివ్వకండి

అన్ని మెట్లలోనూ అసలైనది ఇదే కాబట్టి కొంత వివరంగా చెబుతాను. తక్కువ వెలుతురులో షట్టర్, అంటే సెన్సార్ మీదికి కాంతిని వదిలే తలుపు, ఎక్కువసేపు తెరుచుకుని ఉంటుంది. ఆ వ్యవధిలో చెయ్యి వెంట్రుకవాసి కదిలినా ప్రతి దీపమూ చిన్న గీతగా సాగుతుంది. ట్రైపాడ్ ఉంటే సంతోషమే, కానీ జనంలో దాన్ని పరచడం కష్టం, పురావస్తు శాఖ కట్టడాల ఆవరణలో దానికి ముందుగా అనుమతి కావాలి. నా సంచిలో ఎప్పుడూ ఉండేది అరకిలో బియ్యం పోసి మూతి గట్టిగా కుట్టేసిన ఒక చిన్న గుడ్డ సంచి. దాన్ని గోడ మీద పెట్టి, మధ్యలో వేళ్లతో గుంటలా నొక్కి, అందులో కెమెరాను కూర్చోబెడితే కావలసిన వైపుకు వాలి అక్కడే నిలుస్తుంది.

ఆ తర్వాత రెండు సెకన్ల టైమర్ పెట్టండి. బటన్ నొక్కిన వేలి కుదుపు ఆ రెండు సెకన్లలో తగ్గిపోయి, షట్టర్ తెరుచుకునే వేళకు కెమెరాను ఎవరూ తాకి ఉండరు. కెమెరాలో కుదుపును తగ్గించే ఏర్పాటు ఉంటే, చేత్తో పట్టుకున్నప్పుడు తప్పక వాడండి, సంచి మీద పెట్టినప్పుడు ఆపివేయండి. లేని కుదుపును వెతికే ప్రయత్నంలో అదే కొన్నిసార్లు బొమ్మను కదిలిస్తుంది. టాంక్‌బండ్ రెయిలింగు మీద పెట్టినప్పుడు ఇంకొక చిక్కు ఉంది. వెనుక బస్సు పోయిన ప్రతిసారీ ఆ ఇనుము సన్నగా అదురుతుంది. కంటికి తెలియదు గానీ అరచెయ్యి ఆనిస్తే తెలుస్తుంది. ఆ అదురు ఆగాకే బటన్ నొక్కాలి, లేదా రాతి దిమ్మెను వెతుక్కోవాలి.

ఏ ఆధారమూ దొరకనప్పుడు మోచేతులు రెండూ పక్కటెముకలకు ఆనించి, భుజాన్ని గోడకో స్తంభానికో చేర్చి, ఊపిరి వదులుతూ బటన్‌ను మెల్లగా నొక్కండి. వరుసగా నాలుగైదు తీస్తే ఒకటైనా నిలకడగా వస్తుంది.

4. జూమ్ చేయకుండా దగ్గరికి నడవండి

జూమ్ ఎందుకు వద్దో లెక్క చూస్తేనే నమ్మకం కుదురుతుంది. వీధి దీపాల కింద ఒక మామూలు రోడ్డును అనుకోండి. ఐఎస్ఓ (కాంతికి కెమెరా ఎంతగా స్పందించాలో చెప్పే సంఖ్య) 100 దగ్గర, అపర్చర్ (కాంతి లోపలికి వచ్చే లెన్స్ రంధ్రం; ఎఫ్ సంఖ్య పెరిగితే అది ఇరుకవుతుంది) ఎఫ్ 2.8 ఉంటే, సుమారు 1/4 సెకను కావలసి వస్తుంది. ఐఎస్ఓ రెట్టింపు అయిన ప్రతిసారీ సమయం సగమవుతుంది: 200కు 1/8, 400కు 1/15, 800కు 1/30. జూమ్ లేకుండా ఉన్నప్పుడు 1/30 సెకను వరకు చేత్తో పట్టుకోవచ్చు గనుక ఫోటో గట్టెక్కినట్టే.

ఇప్పుడు నాలుగైదు రెట్లు జూమ్ చేశారనుకోండి. చిన్న కెమెరాల లెన్స్ జూమ్ చేసిన కొద్దీ ఇరుకవుతుంది, ఎఫ్ 2.8 కాస్తా ఎఫ్ 5.6కు చేరితే లోపలికి వచ్చే కాంతి నాలుగో వంతుకు పడిపోయి, 1/30 బదులు 1/8 సెకను కావాలి. అదే సమయంలో దూరాన్ని దగ్గర చేసినట్టే చేతి వణుకునూ జూమ్ పెద్దది చేస్తుంది కాబట్టి, ఇప్పుడు కనీసం 1/125 సెకను వేగం ఉంటే తప్ప చేత్తో తీయలేము. మనకు దొరుకుతున్నదానికీ, కావలసినదానికీ మధ్య పదహారు రెట్ల తేడా. నాలుగడుగులు ముందుకు వేస్తే ఈ నష్టమంతా తప్పుతుంది.

5. ఐఎస్ఓకు ఒక హద్దు పెట్టండి

ఆటో మోడ్‌లో వదిలేస్తే కొన్ని కెమెరాలు ఐఎస్ఓను 1600కో 3200కో తీసుకుపోతాయి. అక్కడ బొమ్మ నిండా ఇసుక చల్లినట్టు రంగు చుక్కలు వస్తాయి. వాటిని తుడిచే ప్రయత్నంలో కెమెరా ముఖాలను మైనపు బొమ్మల్లా నున్నగా చేసేస్తుంది. డయల్ మీద ప్రోగ్రామ్ మోడ్‌ను ఎంచుకుంటే ఐఎస్ఓ మీ చేతికి వస్తుంది. చేత్తో పట్టుకున్నప్పుడు 400 నుంచి 800 వరకు, సంచి మీద పెట్టినప్పుడు 80 లేదా 100 చాలు. ప్రోగ్రామ్ మోడ్ లేని కెమెరాలో రాత్రి దృశ్యం మోడ్ ఉంటుంది. అది షట్టర్‌ను కొన్ని సెకన్ల వరకు తెరిచి ఉంచగలదు. దుర్గం చెరువు తీగల వంతెన దీపాలు నీటిలో పొడవుగా పరుచుకుని కనిపించాలన్నా, వాహనాల దీపాలు ఎర్రని, తెల్లని గీతలుగా రావాలన్నా ఇదే మోడ్ ఉపయోగపడుతుంది. ఫోటో అయిపోయిన తర్వాత కూడా కెమెరా కాసేపు పలకకపోతే కంగారుపడి ఆపివేయకండి. మచ్చలను తొలగించడానికి అది అంతసేపు షట్టర్ మూసుకుని మరొక నల్లని బొమ్మను తీసి, మొదటిదానితో సరిచూస్తూ ఉంటుంది.

6. ఫోకస్, కాంతి, రంగు

లాడ్ బజార్‌లో ఒక గాజుల దుకాణం ముందు ఈ మూడింటినీ ఒకేసారి నేర్చుకోవచ్చు. అద్దాల ముక్కలు పొదిగిన లక్క గాజులు వరుసలు వరుసలుగా ఉంటాయి, పైన వేడి రంగు బల్బులు, పక్కన తెల్లని ఎల్ఈడీ పట్టీ. ముందు దుకాణదారును అడగండి. “భాయ్, ఒక ఫోటో తీసుకోవచ్చా?” అంటే చాలామంది కాదనరు, కొందరు మంచి గాజుల పెట్టెను తామే ముందుకు జరుపుతారు.

షట్టర్ బటన్‌ను సగం వరకే నొక్కి పట్టుకోండి. చీకటి మూల మీద ఫోకస్ కుదరక కెమెరా తడుముకుంటుంది. వెలుగూ నీడా కలిసే అంచు మీద, అంటే గాజుల వరుస చివర మీద, తెర మీది ఫోకస్ చతురస్రాన్ని పెడితే అది ఆకుపచ్చగా మారి నిలుస్తుంది. బటన్‌ను అలాగే పట్టుకుని ఫ్రేమును సరిచేసుకుని, అప్పుడు పూర్తిగా నొక్కండి.

ఇక కాంతి. కెమెరా ఏ దృశ్యాన్నయినా మధ్యస్థపు బూడిద రంగు స్థాయికి తెచ్చేందుకు చూస్తుంది. వెనుక చీకటి ఎక్కువగా ఉంటే దానికోసం మొత్తాన్ని వెలిగించి, గాజుల మెరుపును తెల్లని మచ్చగా మార్చేస్తుంది. ఎక్స్‌పోజర్ సవరణను, అంటే బొమ్మ ఎంత వెలుగుగా రావాలో మార్చే సెట్టింగును, మైనస్ 0.7కో మైనస్ 1కో తగ్గిస్తే రాత్రి రాత్రిలాగే ఉంటుంది, గాజుల ఎరుపూ ఆకుపచ్చా తిరిగి వస్తాయి. అప్పటికీ ఒక గాజు మీద బల్బు ప్రతిబింబం కళ్లు చెదిరేలా ఉంటే సెట్టింగులతో కుస్తీ పట్టకుండా అర అడుగు పక్కకు జరగండి.

రంగు మరీ పసుపుగా వస్తే దీపాల రంగుకు తగ్గట్టు బొమ్మ రంగును సరిచేసే వైట్ బ్యాలెన్స్‌లో బల్బు గుర్తును ఎంచుకోండి. నా మట్టుకు నేను పాత బస్తీలో పసుపును పూర్తిగా తుడిచేయను. అక్కడి రాత్రికి ఆ రంగే అందం. మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తులు తిరుగుతూ 100 సార్లు దిశ మార్చుకుంటుంది కాబట్టి ట్యూబులైట్లు, చవక ఎల్ఈడీలు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి. అందువల్ల ఒక్కో ఫోటో ఒక్కో కాంతితోనో, అడ్డ చారలతోనో రావచ్చు. వేగాన్ని ఎంచుకునే వీలుంటే 1/50 లేదా 1/100 సెకను దగ్గర ఉంచండి.

7. మనుషులను తీసేటప్పుడు

నడిచే మనిషికి 1/125 సెకను కావాలి, చిన్న కెమెరాకు రాత్రి అది అందదు. కాబట్టి వాళ్లు ఆగే క్షణం కోసం చూడాలి: హలీం బట్టీ దగ్గర గరిటె పైకెత్తిన చెయ్యి ఒక్క క్షణం నిలుస్తుంది, బేరమాడే మనిషి సమాధానం కోసం ఆగుతాడు. ఇంటివాళ్లను వెనుక దీపాలతో సహా తీయాలంటే రాత్రి పోర్ట్రెయిట్ మోడ్ వాడండి. ఫ్లాష్‌ను మళ్లీ వేయవలసిన సందర్భం ఇదొక్కటే. మనుషులు రెండు మూడు మీటర్లలో ఉండాలి. ఫ్లాష్ ముఖాన్ని వెలిగించాక కూడా వెనుక దృశ్యం కోసం షట్టర్ తెరిచే ఉంటుంది. మెరుపు పడగానే ఫోటో అయిపోయిందనుకుని అందరూ కదిలిపోతారు, ముఖాల పక్కన నీడలు వస్తాయి. “మెరిసిన తర్వాత మూడు లెక్కపెట్టేదాకా కదలొద్దు” అని ముందే చెప్పండి.

8. అక్కడే పెద్దది చేసి చూసుకోండి

చీకట్లో కెమెరా తెర ఉన్నదానికన్నా ప్రకాశంగా కనిపించి మోసం చేస్తుంది, చిన్న సైజులో ప్రతి ఫోటో స్పష్టంగానే ఉన్నట్టు అనిపిస్తుంది. తీసిన వెంటనే తెర మీద బాగా పెద్దది చేసి చూడండి. దీపాలన్నీ ఒకే దిక్కుకు సాగి ఉంటే కెమెరా కదిలింది, ఆధారాన్ని మార్చాలి. కట్టడం స్పష్టంగా ఉండి మనుషులు మాత్రమే అలుక్కుపోతే షట్టర్ నెమ్మదిగా ఉంది, ఐఎస్ఓను ఒక మెట్టు, అంటే రెట్టింపుకు, పెంచాలి. ఏ గీతా లేకుండా అంతా మెత్తగా ఉంటే ఫోకస్ తప్పింది, సగం నొక్కే చోటు మార్చుకోవాలి. ఇవన్నీ ముందుగా ఇంట్లోనే సాధన చేయాలంటే పూజగదిలో లైటు తీసేసి, ఒక్క దీపాన్ని ఉంచి, ఐఎస్ఓ 100, 400, 1600 దగ్గర మూడు ఫోటోలు తీసి కంప్యూటర్ మీద పక్కపక్కన పెట్టి చూడండి. ఒత్తి అంచు, కుంది మీది నూనె జాడ ఏ సంఖ్య దగ్గర చెదిరిపోయాయో, మీ కెమెరాకు హద్దు అంతకు ఒక మెట్టు కింద ఉంటుంది.