ఖనిజాలు ఎక్కించిన స్పిరులినా: విశాఖ యూనిట్లకు ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్సు దరఖాస్తు విధానం

విశాఖలో ట్యాంకులు కట్టి స్పిరులినా అనే నాచు పెంచుదామనుకునేవాళ్లు ముందు లైసెన్సు ఫీజు ఎంతని అడుగుతారు. అంతకంటే ముందు తేలాల్సింది, మీ సరుకు ఏ కోవలోకి వస్తుందన్నది. సెలీనియమో జింకో ఎక్కించిన నాచును మాత్రలుగా, క్యాప్సూళ్లుగా అమ్మితే అది హెల్త్ సప్లిమెంట్. చిన్న యూనిటే కదా అని బేసిక్ రిజిస్ట్రేషన్‌తో సరిపెట్టుకుంటే కుదరదు. ఎంత తక్కువ తయారుచేసినా ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (దేశంలో ఆహార భద్రత, ప్రమాణాలు చూసే సంస్థ) ఇచ్చే సెంట్రల్ లైసెన్సే కావాలి.

అసలు చిక్కు ఖనిజంతోనే. స్పిరులినా క్షార గుణమున్న నీటిలో పెరుగుతుంది. ఆ నీటిలో సోడియం సెలినైట్ కలిపితే సెలీనియాన్ని ఒంటికి పట్టించుకుంటుంది. అదే గుణంతో సీసం, ఆర్సెనిక్ ఉన్నా లాగేసుకుంటుంది. అందుకే పోర్టు గాలికి ట్యాంకులు తెరిచిపెట్టే ఆలోచన ఉంటే మానుకోండి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్కలో పెద్దవాళ్లకు రోజుకు సెలీనియం 40 మైక్రోగ్రాములు చాలు. ఒక బ్యాచ్‌లో ఒకలా, ఇంకో బ్యాచ్‌లో మరోలా వస్తే లేబుల్ మీద ఏ అంకె వేస్తారు? అందుకే ముందు కొన్ని బ్యాచ్‌లు పండించి, ఎన్ఏబీఎల్ (ల్యాబ్‌లకు గుర్తింపునిచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉన్న ల్యాబ్‌లో పరీక్ష చేయించి, ఆ తర్వాతే ఫారం ముట్టుకోవాలి.

మీరు వాడే పదార్థాలు 2016 న్యూట్రాస్యూటికల్ (పోషక సప్లిమెంట్ల) నిబంధనల షెడ్యూళ్లలో, అంటే అనుమతించిన పదార్థాల జాబితాల్లో, ఉన్నాయో లేదో చూసుకోండి. లేకపోతే 2017 నాటి నాన్-స్పెసిఫైడ్ ఫుడ్ (ప్రమాణాలు ఇంకా ఖరారు కాని ఆహారం) నిబంధనల కింద ముందస్తు అనుమతి తెచ్చుకోవాలి.

దరఖాస్తు ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వాళ్ల ఆన్‌లైన్ లైసెన్సు వెబ్‌సైటు అయిన ఫోస్కాస్ పోర్టల్‌లో, ఫారం-బి. ఫీజు ఏడాదికి 7,500 రూపాయలు. యూనిట్ ప్లాను, యంత్రాల జాబితా, స్థలం కాగితాలు (అద్దెదైతే అగ్రిమెంటు), నీటి పరీక్ష రిపోర్టు, ఆహార భద్రతా ప్రణాళిక, నామినీ (యూనిట్‌లో ఆహార భద్రతకు బాధ్యత వహించే మనిషి) కోసం ఫారం-9 జతచేయాలి. తయారీని పర్యవేక్షించడానికి కెమిస్ట్రీ, మైక్రోబయాలజీ లాంటివి చదివిన డిగ్రీవాళ్లు ఒకరైనా ఉండాలి. ఇంట్లో ఎవరైనా చదివి ఉంటే జీతం మిగిలినట్టే!

డబ్బు కట్టగానే 17 అంకెల రిఫరెన్స్ నంబరు వస్తుంది. అధికారులు ఏదైనా అడిగితే 30 రోజుల్లో జవాబివ్వాలి. మెయిల్ వస్తుందిలే అని కూర్చోకుండా రెండ్రోజులకోసారి లాగిన్ అయి చూసుకోండి. తనిఖీకి వచ్చేటప్పటికి ఎండబెట్టే గది, పొడి చేసే గది ప్లానులో గీసినచోటే ఉండాలి. డబ్బా మీద 'హెల్త్ సప్లిమెంట్' అనీ, ఇది మందు కాదనీ స్పష్టంగా అచ్చు వేయించాలి. లైసెన్సు చేతికొచ్చాక దాని 14 అంకెల నంబరు కూడా అక్కడే పడాలి కాబట్టి, లేబుళ్లు ముందే వేలల్లో కొట్టించకండి.